కోడిపిల్లల కంటే ముందు నోటుబుక్కు కొనుక్కో

బిడ్డా,

సంఘంలో లోను తీసుకుని వంద కోడిపిల్లలు తెస్తానన్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వంద వద్దు, ఇరవై ఐదుతో మొదలుపెట్టు. మా పెరట్లో ఇప్పుడు అరవై తిరుగుతున్నాయి. ఇన్నేళ్లయినా పొద్దుగూకాక గూట్లో లెక్క తప్పితే నాకు నిద్ర పట్టదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ అనే కోడి రకాలు రెండూ పెరటికి పనికొచ్చేవే. గుడ్లు కావాలంటే గ్రామప్రియ. వనరాజ మాంసానికి బాగుంటుంది గానీ ఒళ్లు బరువు, కుక్క తరిమితే నాటుకోడిలా గోడెక్కలేదు. ఇవి పొదగవు కూడా. అందుకని ఒకట్రెండు నాటు పెట్టలు తప్పకుండా ఉంచుకో.

మొదటి నెల మాత్రం బాలింత ఇల్లే అనుకో. మొదటిసారి నేను 50 పిల్లల్ని తెచ్చి గది మూలన బల్బు కింద వదిలా. రాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే చలికి మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. అడుగున ఉన్న పదిహేడూ ఊపిరాడక పోయాయి. అప్పటి నుంచి మూలే లేకుండా అట్టను గుండ్రంగా నిలబెడుతున్నా. కింద రెండంగుళాల ఊక, దాని మీద మొదటి మూడు రోజులు పాత పేపరు. వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెప్తాయి. బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే ఉక్క. అంతటా తిరుగుతూ గింజలు ఏరుతుంటే నువ్వూ పోయి పడుకోవచ్చు.

టీకాల దగ్గర పిసినారితనం వద్దు. కొక్కెర తెగులు (రాణీఖేత్ జబ్బు) వచ్చిందంటే మందు లేదు, వారంలో గూడు ఖాళీ. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెరకు లసోటా టీకా ఒక చుక్క కంట్లో, పద్నాలుగో రోజు గంబోరో అనే ఇంకో జబ్బుకు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఎనిమిది వారాలకు కొక్కెరకే ఆర్‌టుబి ఇంజెక్షన్. టీకా సీసాను దవాఖాన నుంచి ఐసుముక్కలేసిన ఫ్లాస్కులో తెచ్చుకో. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. చుట్టుపక్కల ఆడవాళ్లను కూడా పిల్లల్ని అదే రోజు తెచ్చుకోమను, ఒక్క సీసా అందరికీ వస్తుంది.

ఇక డబ్బు సంగతి. గూడు ఊడ్చేది మనం, నూకలు చల్లేది మనం, బేరం మాత్రం మగవాళ్లది! మీ మామ స్నేహితులు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఒక పుంజు తగ్గేది. గొడవపడలేదు. కోసిన ప్రతిదాని ధర నోటుబుక్కులో మామ పేరు కింద రాసి, దసరాకు ముందు చదివి వినిపించా. అప్పటి నుంచి అడిగి కోస్తున్నాడు. నువ్వు మొదటి రోజు నుంచే రాయి. లోను నీ పేర ఉన్నప్పుడు గుడ్ల డబ్బు కూడా నీ ఖాతాలోనే పడాలి. ఇంటికొచ్చే బేరగాడు చేత్తో ఎత్తి చూసి ధర చెప్తాడు, ఒప్పుకోకు. చిన్న కాంటా కొనుక్కో.

శివరాత్రి దాటి చలి తగ్గాక పిల్లల్ని తెస్తే పుంజులు బోనాలకు చేతికొస్తాయి, అప్పుడు అడిగిన ధర పలుకుతుంది. నా దగ్గర పొదుగుమీదున్న పెట్ట ఒకటుంది. వచ్చే ఆదివారం పన్నెండు గుడ్లతో సహా తెస్తా. గంప కడిగి ఎండబెట్టి ఉంచు.

మీ అత్త