5000 మీటర్లు దాటిన పాస్: దాటే రోజు లెక్క ఎలా వేసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: నలుగురు, ఒక గైడ్, హిమాలయాల్లో 5300 మీటర్ల పాస్ (కొండల వరసను దాటే కనుమ). ఇంతకుముందు 4000 మీటర్ల దాకా వెళ్లొచ్చారు. అవతల రెండు రోజులు నడిస్తే గానీ ఊరు రాదు. ఫిట్‌నెస్ ఎంత ఉండాలి?

పది కిలోల సంచితో రోజుకు ఏడెనిమిది గంటలు, వరసగా మూడు రోజులు నడవగలిగితే ఒంటి సంగతి సరిపోతుంది. పాస్ మీద ఇరుక్కునేవాళ్లలో చాలామందికి కాళ్లు బాగానే ఉంటాయి, లెక్కే తప్పుతుంది. శిఖరమైతే ఎక్కిన దారినే దిగొస్తాం. పాస్ అలా కాదు. అవతల రెండు వందల మీటర్లు దిగాక ఎవరికైనా బాగోలేకపోతే, వెనక్కి రావాలంటే ఆ మనిషిని మళ్లీ ఎక్కించాలి. కాబట్టి తేల్చుకోవాల్సినవన్నీ ఇవతలి వైపే తేల్చుకోండి.

మొదటి లెక్క రాత్రులది. 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి. 5300 దగ్గర గాల్లో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కాస్త పైన, అంతే. ఆఖరి క్యాంపు పాస్‌కు 500-700 మీటర్ల దిగువన ఉంటే మంచిది. మరీ కిందుంటే ఎక్కడంలోనే మధ్యాహ్నమవుతుంది. మరీ పైనుంటే రాత్రి నిద్ర పట్టదు, అన్నం సయించదు. రెండు క్యాంపులను ఒకే రోజులో కలిపేసిన ప్లాన్ ఎవరైనా ఇస్తే ఒప్పుకోకండి, గైడ్ ఎంత నచ్చజెప్పినా సరే.

ఎత్తు పడకపోవడాన్ని ఆపే మందు డయామాక్స్ వాడేవాళ్లు మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు వెళ్లే ముందు రోజు నుంచి మొదలుపెడతారు. డాక్టర్ని అడిగాకే వేసుకోండి, సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పండి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం రావడం దాంతో మామూలే.

ముందు రోజు సాయంత్రం అందరికీ ఒక పరీక్ష పెట్టండి. ఒక కాలి మడమకు రెండో కాలి బొటనవేలు ఆనిస్తూ తిన్నగా పది అడుగులు వేయాలి. తూలితే అలసట అని సరిపెట్టుకోవద్దు, మెదడు వాచి ఉండొచ్చు, రాత్రయినా అప్పుడే కిందికి దించాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో గరగర వినిపించినా అంతే. తలనొప్పి, వికారం మాత్రమే అయితే పైకి వెళ్లకుండా అక్కడే ఆగండి, తెల్లారేసరికి తగ్గకపోతే దిగండి.

ఇక గడియారం. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు బయల్దేరమనేది రాత్రి గడ్డకట్టిన మంచు బరువు మోస్తుంది కాబట్టి. ఎండ తగిలాక అదే మంచులో తొడల దాకా దిగబడతారు. పైనున్న రాళ్లను పట్టి ఉంచిన మంచు కూడా అప్పుడే కరిగి రాళ్లు రాలుతాయి. మధ్యాహ్నానికి గాలి, మబ్బు సరేసరి. ఆ ఎత్తులో గంటకు 150 మీటర్ల ఎత్తు ఎక్కితే మంచి నడకే. 600 మీటర్లకు నాలుగు గంటలు, ఆగడాలకు ఇంకో గంట. పదకొండుకి పాస్ మీద లేకపోతే వెనక్కి. ఈ మాట ముందు రాత్రే అందరి చేతా ఒప్పించుకోండి. పైన బుర్ర సగమే పనిచేస్తుంది, 'ఇంకో అరగంటే' అని అది చెప్పేది నమ్మడానికి లేదు.

నిటారు వాలు మీద అడ్డంగా, వంకర టింకరగా ఎక్కండి. ప్రతి అడుగుకీ వెనక మోకాలు నిటారుగా బిగించి ఒక్క క్షణం ఆగండి. బరువు కండ మీద కాక ఎముక మీద పడుతుంది, ఊపిరి కుదుటపడుతుంది. గట్టి మంచులో బూటు ముందు భాగంతో రెండుసార్లు తన్ని మెట్టు చేసుకున్నాకే బరువు వేయాలి. కర్రలు ఎక్కేటప్పుడు పొట్టిగా, దిగేటప్పుడు ఐదు పది సెంటీమీటర్లు పొడుగ్గా పెట్టుకోవాలి. రాళ్లు జారే చోట ఒకరి కింద ఒకరు నడవకండి. రాయి కదిలితే మొహమాటపడకుండా 'రాయి!' అని గట్టిగా అరవండి.

అసలు చిక్కు అవతలి దిగుడుతో. ఉత్తరం వైపు నీడలో ఉండే వాలు తరచూ గట్టి ఐస్. మైక్రోస్పైక్స్ (బూటు కింద తొడిగే చిన్న ముళ్ల గొలుసులు) పైన చదును చోటనే తొడుక్కోండి, జారాక వంగి తొడుక్కోవడం కుదరదు. అవి కాస్త వాలుకే పనికొస్తాయి. 30 డిగ్రీలు దాటిన ఐస్ మీద క్రాంపాన్లు (బూటుకు బిగించే పొడవాటి ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), తాడు, వాటిని వాడటం వచ్చిన మనిషి ఉండాలి. ఇవి లేకుండా అలాంటి వాలు కనిపిస్తే పాస్ అందినట్టే అందినా తిరిగి రండి. మంచు చరియలు ఎక్కువగా జారేది కూడా 30-45 డిగ్రీల వాలు మీదే, అందుకే కొత్త మంచు పడ్డాక కనీసం ఒక రోజు ఆగాలి.

చిన్నవి కొన్ని. వాటర్ బ్లాడర్ (సంచిలో పెట్టుకునే నీళ్ల తిత్తి) గొట్టం గడ్డకడుతుంది, వెడల్పు మూతి సీసా తలకిందులుగా పెట్టుకోండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత వైపు నీళ్లుగానే ఉంటుంది. నీళ్ల ఫిల్టర్‌ను రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి, లోపలి గొట్టాలు గడ్డకట్టి పగిలితే బయటికి తెలియదు. నల్ల కళ్లద్దాలు జట్టుకు ఒక జత అదనంగా ఉంచండి.

అక్టోబరులో వెళ్తుంటే బంగాళాఖాతం వార్తలు కూడా చూడండి. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను మిగులు, రెండు రోజులకు నేపాల్‌లో 5416 మీటర్ల థొరాంగ్ లా పాస్ చుట్టుపక్కల మంచు తుపానై 40 మందికి పైగా ప్రాణాలు తీసింది.

ఆగగలగాలంటే తిండి, గ్యాస్ ఉండాలి. రెండు రోజులకు సరిపడా అదనంగా మోయండి. బరువని దాన్ని కింది ఊళ్లోనే వదిలేసిన జట్లకు, ఆకాశం బాగోలేకపోయినా ఆ రోజే దాటాల్సి వస్తుంది.