హీటరు వైరింగు మొదలుపెట్టే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

బోటులో డీజిల్ హీటరు బిగించడం అయిపోయిందని, ఇక వైరింగే మిగిలిందని రాశావు. డీజిల్‌తో మండేదానికి సన్న వైరు చాలదా అని కూడా అడిగావు. చాలదు అల్లుడూ. మండేది డీజిలే అయినా, అది సరిగ్గా అంటుకోవడం, సరిగ్గా ఆరడం రెండూ బ్యాటరీ చేతిలోనే ఉన్నాయి. ఈ హీటర్లలో వచ్చే తంటాలు చాలావరకు ఆ రెండు సమయాల్లోనే మొదలవుతాయి.

స్విచ్ వేయగానే ముందు గ్లో ప్లగ్గు, అంటే డీజిల్‌ను అంటించే చిన్న కడ్డీ, ఎర్రగా కాలాలి. 2 కిలోవాట్ల, 12 వోల్టుల హీటరు ఆ కొద్ది నిమిషాల్లో 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది. మంట నిలబడ్డాక ఫ్యాను, పంపు కలిపి 1 నుంచి 3 ఆంపియర్లతో సరిపెట్టుకుంటాయి. తీరిగ్గా నడిచేటప్పటి లెక్క చూసి వైరు కొంటే వెలిగించేటప్పుడు దెబ్బతింటావు.

లెక్క చేసి చూపిస్తాను. బ్యాటరీ నుంచి హీటరుకు వైరు నడిచే దారి 4 మీటర్లు అనుకో. కరెంటు పోనూ 4, రానూ 4, మొత్తం 8 మీటర్లు. రానూ దూరం కలపడం చాలామంది మర్చిపోతారు. 10 ఆంపియర్ల దగ్గర 2.5 స్క్వేర్ ఎం.ఎం. (చదరపు మిల్లీమీటర్లు, వైరు లావు కొలత) రాగి వైరులో 0.56 వోల్టులు పోతాయి. 4 స్క్వేర్‌లో 0.35, 6 స్క్వేర్‌లో 0.23. అర వోల్టు పోతే ఏమవుతుందిలే అనుకోకు. సగం దిగిన బ్యాటరీ ఆ లోడు పడగానే 11.6 దాకా జారవచ్చు. వైరులో 0.56 పోయి, ఫ్యూజు హోల్డరు, జాయింట్లు కలిసి ఇంకో 0.3 తింటే హీటరుకు చేరేది 10.7. చాలా హీటర్ల కంట్రోలరు 10.5 దగ్గర వోల్టేజి తక్కువైందని ఆపేస్తుంది. ఆపకపోయినా ప్లగ్గు చాలినంత కాలదు, డీజిల్ సగం సగం అంటుకుంటుంది, పొగగొట్టంలోంచి తెల్లపొగ వస్తుంది, లోపల మసి పేరుకుంటుంది. అందుకని నువ్వు 6 స్క్వేరే వెయ్యి. దారి ఇంతకన్నా పెరిగితే లెక్క మళ్లీ కట్టు.

హీటరుతో పాటు వచ్చే వైర్ల కట్ట పొడుగ్గా ఉంటుంది, కానీ చవక రకాల్లో అందులోని ఎర్ర, నల్ల వైర్లు సన్నం. పొడుగుంది కదా అని దాన్నే బ్యాటరీ దాకా లాగకు. హీటరు దగ్గర వీలైనంత పొట్టిగా కత్తిరించి, అక్కడి నుంచి లావు వైరు కలుపు. వైరు తగరం పూత ఉన్న సన్నపోగుల రాగిది కావాలి. పూత లేని రాగి ఉప్పు తేమకు ఇన్సులేషన్ కిందే నల్లబడిపోతుంది. పైకి ఏమీ కనపడదు.

ఫ్యూజు కాపాడేది వైరుని. 6 స్క్వేర్ వైరు ఎక్కువే మోస్తుంది, కానీ చివరన ఉన్న సన్న వైర్లు మోయలేవు. కాబట్టి హీటరు మాన్యువల్‌లో ఏది రాశారో అదే వెయ్యి, మామూలుగా 15 గాని 20 గాని ఆంపియర్లు ఉంటుంది. దాన్ని బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే పెట్టు. ఫ్యూజుకూ బ్యాటరీకీ మధ్య ఉన్న ముక్క షార్ట్ అయితే ఆపేవాడెవడూ లేడు. మూత గట్టిగా పడే బ్లేడు ఫ్యూజు హోల్డరు తీసుకో. దాని తోకలుగా వచ్చే వైర్లు కూడా చూడు. పైన 30 ఆంపియర్లని రాసి, వైర్లు మాత్రం దారాల్లా ఉండేవి బజారులో చాలా ఉన్నాయి. బోటులో పెట్రోలు ఇంజనుంటే ఆ గదిలో మాత్రం ఫ్యూజు హోల్డరు గాని స్విచ్ గాని పెట్టకు, నిప్పురవ్వ బయటికి రానివ్వని రకమైతే తప్ప.

ఇక కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి? ఇంజను స్టార్టింగు బ్యాటరీ నుంచి వద్దు. రాత్రి 8 గంటలు సగటున 2 ఆంపియర్లు లాగుతూ నడిస్తే 16 ఆంపియర్-అవర్లు పోతాయి, వెలిగించిన ఖర్చు వేరు. పొద్దున ఇంజను తిరగకపోతే ఇబ్బందిపడేది నువ్వే. క్యాబిన్ అవసరాలకున్న బ్యాటరీ నుంచే తీసుకో. సోలార్ కంట్రోలరు మీద 'లోడ్' అని రాసిన చోట అసలే కలపకు. గ్లో ప్లగ్గు లాగుడుకు చిన్న కంట్రోలర్లు తట్టుకోలేవు, పైగా బ్యాటరీ దిగగానే టక్కున కోసేస్తాయి.

టక్కున కోయడమే ఈ హీటరుకు అన్నిటికన్నా చెడ్డది. ఆఫ్ నొక్కాక ఫ్యాను ఇంకా మూడు నాలుగు నిమిషాలు తిరుగుతుంది, చాలా మోడళ్లు లోపల మిగిలిన డీజిల్‌ను కాల్చడానికి ప్లగ్గును మరోసారి వెలిగిస్తాయి. ఆ మధ్యలో కరెంటు పోతే, లోపలి కాలిన లోహం వేడంతా గాలి లేక వెనక్కి మళ్లి ఫ్యాను రెక్కలకూ, సర్క్యూటు బోర్డుకూ పాకుతుంది. మిగిలిన డీజిల్ ప్లగ్గు జాలీ మీద బొగ్గుగా గడ్డకడుతుంది. బోటు దిగేటప్పుడు మెయిన్ స్విచ్ తిప్పేసి వెళ్లే అలవాటు అందరికీ ఉంటుంది కదా, అందుకే మాన్యువల్ ఒప్పుకుంటే హీటరు ప్లస్‌ను మెయిన్ స్విచ్‌కు ముందే, బ్యాటరీ వైపు, దాని సొంత ఫ్యూజుతో కలపమంటాను. ఫ్యూజు పక్కన 'ఫ్యాను ఆగేదాకా తీయవద్దు' అని చెరగని సిరాతో రాసి అంటించు. బోటును నెలల తరబడి వదిలేసేటప్పుడు మాత్రం ఫ్యూజు పీకెయ్యి. కంట్రోలరు ఊరికే ఉన్నా కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది.

మైనస్ వైరు కూడా అంతే లావుది. అది నేరుగా మైనస్ బస్‌బార్‌కే, అంటే మైనస్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీకే, రావాలి. లోహపు బోటైనా సరే, బాడీని గాని ఇంజను దిమ్మను గాని తిరుగు దారిగా వాడకు. అలా పారే కరెంటు బోటుకు నీటిలో మునిగి ఉన్న లోహాన్ని తినేస్తుంది. బ్యాటరీ మానిటరుంటే దాని షంట్‌కు (కరెంటును కొలిచే ముక్కకు) లోడు వైపే కలుపు, లేకపోతే హీటరు వాడకం లెక్కలోకే రాదు.

జాయింట్ల దగ్గర తొందరపడకు. లగ్గు (వైరు చివర నొక్కి బిగించే లోహపు కొస) గొట్టం ఎంత లోతుందో చూసి, అంతకన్నా ఒక మిల్లీమీటరు ఎక్కువ తోలు తియ్యి. ఒక్క పోగు తెగినా మళ్లీ కత్తిరించి మొదలుపెట్టు. పోగులన్నీ గొట్టంలోకి వెళ్లాయా, ఒకటేమైనా బయట మడత పడిందా చూసుకో. పూర్తిగా నొక్కితే గాని వదలని ర్యాచెట్ క్రింపరు వాడు, ప్లయర్‌తో నలిపితే పట్టు రాదు. నొక్కాక గట్టిగా లాగి చూడు. లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగి, రెండు అంచుల నుంచీ జిగురు సన్నటి పూసలా ఉబికేదాకా వేడి చెయ్యి. ఉత్త టంకం మీద ఆధారపడకు. టంకం ఆగిన చోట వైరు పుల్లలా బిగిసి, ఇంజను అదురుకు అక్కడే విరుగుతుంది.

వైర్లను పొగగొట్టానికి దూరంగా నడిపించు. పైన గుడ్డ చుట్టినా దాని వేడికి ఇన్సులేషన్ కరుగుతుంది. ప్రతి 45 సెంటీమీటర్లకు ఒక క్లిప్పు, గోడలోంచి దూరే చోట రబ్బరు గ్రోమెట్టు ఉండాలి. హీటరులోకి ఎక్కే ముందు వైరును ఒకసారి కిందికి వంచి పైకి తీసుకెళ్తే, దాని వెంట జారే నీటిబొట్టు ఆ వంపులోనే రాలిపోతుంది. డీజిల్ పంపు వైర్లు సన్నవైనా పరవాలేదు. కానీ పంపు వైరు కనెక్టరు బోటు అడుగున నీళ్లు చేరే చోట ఉండకూడదు. పంపు టిక్కుటిక్కుమనకపోతే ముందు చూడాల్సింది ఆ కనెక్టరులో పచ్చటి చిలుమే. గది వేడి చూసే సెన్సరును వేడిగాలి తగిలే చోట గాని, తలుపు పక్కన గాని పెట్టకు.

వెలిగించే ముందే క్యాబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించు. ఇది వైరింగు కాదు గాని, దీన్ని మాత్రం వాయిదా వెయ్యకు. మొదటిసారి పైపులో గాలి ఉండి ఒకటి రెండు సార్లు అంటుకోకపోవచ్చు. అదే పనిగా ప్రయత్నిస్తే లోపల డీజిల్ నిలిచిపోతుంది. రెండు మూడు సార్లకు రాకపోతే ఆపి కారణం వెతుకు.

మల్టీమీటరు దగ్గర పెట్టుకో. ప్లగ్గు కాలుతున్నప్పుడు ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది హీటరు దగ్గర ప్లస్ మీద పెట్టు. అలాగే మైనస్ నుంచి మైనస్‌కు. రెండూ కలిపి 0.4 వోల్టులు దాటకూడదు. దాటితే ముక్కలు ముక్కలుగా కొలువు, ఫ్యూజు హోల్డరుకు ఇటూ అటూ, లగ్గుకు ఇటూ అటూ. ఒక్క హోల్డరు మీదే 0.2 కనపడితే 10 ఆంపియర్ల దగ్గర అక్కడ 2 వాట్లు వేడిగా పోతున్నాయన్నమాట, వేలు పెడితే తెలిసిపోతుంది. ఆ రెండు రీడింగులూ, బ్యాటరీ మీద అప్పుడున్న వోల్టేజీ రాసి నాకు పంపు.

నీ మామయ్య