లేబులు తీయని చీరలు, 62 వేల బాకీ

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ప్రైవేటు బళ్లో టీచర్ని, జీతం 24 వేలు. పిల్లలు పడుకున్నాక ఫోన్లో చీరలు, కుర్తీలు చూస్తూ కూర్చుంటాను. నెలకి 5 వేలకి తక్కువ కొనను. లేబులు తీయనివే పదకొండు చీరలున్నాయి. క్రెడిట్ కార్డు లిమిటు నిండి 62 వేల బాకీ తేలింది. నెలనెలా మినిమం 3,100 కడుతున్నా తగ్గట్లేదు, ఇప్పుడు యూపీఐతో కొంటున్నాను. మావారికి తెలీదు. నాకు రెండు తులాల గొలుసుంది. ఈమధ్య అమ్మ పాతపట్నం నుంచి నా చిన్నప్పటి కుట్ల పెట్టె తెచ్చిచ్చింది. మళ్ళీ మొదలెడదామనుంది. కుట్టుమిషను వాయిదాల్లో తీసుకోనా?

జవాబు: మిషను వద్దమ్మా. పెట్టె మాత్రం ఇవాళే తెరవండి.

ముందు బాకీ సంగతి. కార్డు వడ్డీ నెలకి 3.5 శాతమనుకుంటే 62 వేలకి 2,170 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 390. మీరు కట్టే 3,100లో 2,560 అక్కడికే పోయింది. అసలులో తగ్గేది 540. ఈ లెక్కన ఎన్నేళ్ళు కడతారు?

చీరల 5 వేలు కూడా కలిపి నెలకి 8,100 కడితే పది నెలల్లో తీరుతుంది. వడ్డీకి 14 వేల దాకా పోతుంది. అదే గొలుసు బ్యాంకులో పెట్టి, ఏడాదికి 10 శాతం వడ్డీకి అప్పు తెచ్చి కార్డు బాకీ తీర్చేస్తే, అదే 8,100 చొప్పున ఎనిమిది నెలల్లో గొలుసు ఇంటికొస్తుంది. వడ్డీ రెండున్నర వేలు దాటదు. కానీ ఆయనకి తెలియకుండా గొలుసు తాకట్టు పెట్టకండి. చీరలు దాచినట్టు మెడలో గొలుసు లేకపోవడం దాచలేరు. కార్డు బిల్లు ముందు పెట్టి మీరే చెప్పండి.

బాకీ తగ్గేకొద్దీ కార్డు లిమిటు మళ్ళీ ఖాళీ అవుతుంది. చాలామంది జారేది ఆ మెట్టు దగ్గరే. బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్ళు ఆపేసే మీట ఉంటుంది, నొక్కేయండి. షాపింగు యాప్‌లలో దాచిన కార్డు తీసేయండి. యూపీఐకి జీతం ఖాతా కాకుండా వేరే చిన్న ఖాతా కలిపి, వారానికి కూరలకీ పాలకీ సరిపడా మాత్రమే అందులో వేయండి. పదకొండు చీరల్లో గడువు దాటనివి ఈ వారమే వెనక్కి పంపేయండి.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు వాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. సంక్రాంతికి కొత్తబట్ట, ఉగాదికి కొత్తబట్ట, జూన్‌లో ఒడియావాళ్ళ రజ పండుగకి ఒకటి, రథయాత్రకి ఒకటి, దసరాకి మళ్ళీ! రెండు రాష్ట్రాల పండుగలూ మనవే, సాకులూ రెండింతలు. ఏడాదికి రెండు పండుగలు మీరే ఎంచుకోండి. మిగతావాటికి ఆ పదకొండులోంచి ఒక్కో లేబులు తీయండి.

ఇక పెట్టె. మీరు రాత్రిపూట కొంటున్నది చీర కాదని నా అనుమానం. ఎంచుకోవడంలో, పార్సిలు కోసం ఎదురుచూడ్డంలో ఉన్న సరదా అది. విప్పగానే చప్పబడిపోతుంది, అందుకే లేబులు కూడా తీయబుద్ధి కాదు. ఆ గంటకి చేతికి వేరే పని లేకపోతే నేను చెప్పిన మీటలన్నీ పది రోజుల్లో మీరే తిప్పేస్తారు. గొలుసు కుట్టు, కాడ కుట్టు, ముడి కుట్టు చేతికి ఒకసారి వచ్చాయంటే మరిచిపోవు. రంగులు ఎంచుకోవడం అక్కడా ఉంది, ఎలా వస్తుందోనన్న ఆత్రం కూడా.

అయితే దారాలు, ఫ్రేములు, అద్దాలు, పూసలు కొనడం కూడా షాపింగే. నేను ఒకప్పుడు తబలా కొని, ఏడాదిపాటు దాని మీద గుడ్డ కప్పి దుమ్ము దులిపినవాణ్ణి. కొన్నరోజే వాయించేసినట్టు ఉంటుంది, అదే మోసం. కాబట్టి ఆరు నెలలు నెలకి 200 దాటొద్దు. గుడ్డకి కొదవేముంది? పాత చీరలతో మన అమ్మమ్మలు బొంతలు కుట్టేవారు. పూరీ జిల్లా పిపిలిలో రంగుగుడ్డలు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి కుట్టే చాందువా పని చూసే ఉంటారు. మీ బీరువాలో వేసుకోని కుర్తీలతో దిండుగలీబులు మొదలెట్టండి. అమ్మి డబ్బు చేసుకుందామని మాత్రం ఇప్పుడే అనుకోవద్దు. అది మొదలైతే పెట్టుబడి పేరుతో మళ్ళీ కొనుగోళ్ళు.

ఇవన్నీ చేసినా చెయ్యి ఫోన్ మీదకే పోతూ, నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి కేంద్ర ప్రభుత్వపు ఫోన్ సాయం, 2022లో మొదలైంది. ఉచితం. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. సిగ్గుపడే విషయమేం కాదు.

గొలుసు ఇంటికొచ్చాక నెలకి 3 వేలతో పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ కట్టండి. 6.7 శాతం వడ్డీకి అయిదేళ్ళలో 2 లక్షల 14 వేలవుతుంది. మిషను గురించి అప్పుడు మళ్ళీ రాయండి. ఎన్ని దిండుగలీబులు పూర్తయ్యాయో కూడా రాయండి, దాన్నిబట్టి చెబుతాను.