టెక్ సందేహాలు: రెప్ప వేస్తేనే ఖాతా ఇస్తారా?

ప్రశ్న: గ్లకోమా వల్ల మా నాన్నగారికి రెండు కళ్లూ పోయాయి. బ్యాంకు యాప్‌లో వీడియో కేవైసీ చేయబోతే ముఖాన్ని గుండ్రని గీతలో ఉంచి రెప్ప వేయమంటోంది. ఎన్నిసార్లు చేసినా 'మళ్లీ ప్రయత్నించండి' అనే వస్తోంది. సెల్ఫీ కెమెరా బాగున్న ఫోన్ ఏదైనా సూచిస్తారా? – ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కొత్త ఫోన్ కొనకండి, డబ్బు దండగ. ఎవరో ఫొటోనో పాత వీడియోనో కెమెరా ముందు పెట్టి మోసం చేయడం లేదని తేల్చుకోవడానికి ఈ పరీక్ష పెడతారు. ఈ తరహా సాఫ్ట్‌వేర్లు సాధారణంగా కంటి చుట్టూ కొన్ని బిందువులను గుర్తించి, పై రెప్పకూ కింది రెప్పకూ మధ్య దూరం ఒక్క క్షణం తగ్గి మళ్లీ పెరిగిందా లేదా అని కొలుస్తాయి. కనుగుడ్డు కుంచించుకుపోయినవారికి, కృత్రిమ కన్ను అమర్చుకున్నవారికి, యాసిడ్ దాడిలో రెప్పలు కాలిపోయినవారికి ఆ కొలత కుదరదు. పైగా తన ముఖం ఆ గుండ్రంలో ఉందో లేదో చూపు లేని మనిషికి ఎవరో ఒకరు చెబితే తప్ప తెలియదు. ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా ఇది మారదు.

సరిగ్గా ఇదే సమస్యతో యాసిడ్ దాడి బాధితులూ, చూపు లేని ఒక వ్యక్తీ వేర్వేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న జస్టిస్ జె.బి.పార్దీవాలా, జస్టిస్ ఆర్.మహదేవన్ ధర్మాసనం తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసి, 20 ఆదేశాలు ఇచ్చింది. రెప్ప వేయడం కాకుండా ఇతర పద్ధతుల్లోనూ మనిషిని నిర్ధారించుకునే వీలుండాలి, కాగితాలతో చేసే కేవైసీని కొనసాగించాలి, సంతకం చేయలేనివారి వేలిముద్రను అంగీకరించాలి అన్నవి వాటిలో కొన్ని. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది మరొకటి ఉంది. వైకల్యం కారణంగా యంత్రం తిరస్కరించిన దరఖాస్తును ఒక మనిషి తిరిగి పరిశీలించాలనీ, యంత్రం నిర్ణయాన్ని పక్కన పెట్టే అధికారం ఆ అధికారికి ఉండాలనీ ధర్మాసనం చెప్పింది. కృత్రిమ మేధలో న్యాయం గురించి సదస్సుల్లో ఎన్ని మాటలు చెప్పుకున్నా, ఖాతాదారుకు పనికొచ్చేది ఇలాంటి అధికారి ఒకరు ఉండటమే. అదే ఏడాది ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కూడా తన కేవైసీ ఆదేశాలను సవరించి, దివ్యాంగుల దరఖాస్తులను ఆలోచించకుండా తిరస్కరించరాదనీ, తిరస్కరిస్తే కారణం నమోదు చేయాలనీ పేర్కొంది.

ఇక మీరు చేయవలసింది: యాప్ చూపించిన సందేశాన్ని తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆధార్, పాన్‌లతో నాన్నగారిని శాఖకు తీసుకువెళ్లి కాగితాల ద్వారా కేవైసీ చేయమని అడగండి. 'మా దగ్గర యాప్ మాత్రమే' అంటే, ఆ మాటే రాసి ఇవ్వమనండి. ఆ ఒక్క కోరికతోనే పని జరిగిన సందర్భాలు తక్కువేమీ కాదు. అప్పటికీ కాకపోతే బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులను పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది.

ప్రశ్న: నేను చూపు లేని విద్యార్థిని. తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడతాను. వార్తల సైట్లను తెలుగులో చక్కగా చదివే ఈ సాఫ్ట్‌వేర్, ప్రభుత్వ ఉత్తర్వుల పీడీఎఫ్‌లు తెరిస్తే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు చదువుతోంది. వేరే స్క్రీన్ రీడర్ కొనాలా? – హనుమకొండ

జవాబు: అక్కర్లేదు, ఎన్‌వీడీఏ తన పని తాను సరిగానే చేస్తోంది. ఆ ఉత్తర్వును 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. ఆ పద్ధతిలో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే. వాటికి తెలుగు ఆకారాలు తొడుగుతారు కాబట్టి కంటికి 'ప్రభుత్వం' అని కనిపించినా, స్క్రీన్ రీడర్‌కు దొరికేది గజిబిజి. కొంత పాఠాన్ని నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేసి చూడండి. ఇంగ్లిష్ అక్షరాలు వస్తే అది అను ఫైలు, అసలేమీ రాకపోతే స్కాన్ చేసిన బొమ్మ. బొమ్మ అయితే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు పాఠం చాలావరకు వస్తుంది. అను ఫైలును నేరుగా అలా తెరిస్తే మళ్లీ అదే గజిబిజి రావచ్చు కనుక, ముందు పేజీలను బొమ్మలుగా మార్చుకోండి, లేదా అను నుంచి యూనికోడ్‌కు, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న పద్ధతికి, మార్చే సాఫ్ట్‌వేర్లను వాడండి.

అయితే ఈ తంటా మీరు పడవలసింది కాదు. వెబ్‌సైట్లలో పెట్టే పత్రాలు ఈపబ్ (ఈ-పుస్తకాల రూపం) లేదా ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించే పద్ధతి) ఆధారిత పీడీఎఫ్ రూపంలో ఉండాలని దివ్యాంగుల హక్కుల నిబంధనలు 2017లోనే చెప్పాయి. ఆ నిబంధన సలహాలా ఉండిపోయింది తప్ప కచ్చితమైన ఆదేశంగా లేదని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తప్పుబట్టి, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఉత్తర్వు సంఖ్య, తేదీ పేర్కొంటూ యూనికోడ్ ప్రతి కావాలని ఆ శాఖకు రాయండి. స్పందన లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి.

ప్రశ్న: సెరిబ్రల్ పాల్సీ వల్ల నా మాట ముద్దగా వస్తుంది. ఒక ఐటీ కంపెనీ తొలి వడపోతను ఏఐ వీడియో ఇంటర్వ్యూతో చేస్తోంది. నా గొంతును సరిచేసి పంపే యాప్ చెప్పండి. – హైదరాబాద్

జవాబు: అలాంటి యాప్ వాడవద్దు, నిఘా సాఫ్ట్‌వేర్ పట్టుకుంటే మోసంగా లెక్కేస్తారు. మాటను అక్షరాల్లోకి మార్చే నమూనాలు ఎక్కువగా తడబాటు లేని గొంతుల మీద శిక్షణ పొందినవి కాబట్టి, మీ జవాబు సరైనదే అయినా అది రాతలోకి వచ్చేసరికి చెడిపోవచ్చు. మార్కులు పడేది ఆ చెడిన రాతకే. అభ్యర్థి ముఖ కవళికలను బట్టి అంచనా వేయడాన్ని మానుకున్నట్టు, ఇలాంటి వీడియో ఇంటర్వ్యూ సాఫ్ట్‌వేర్ అందించే హైర్‌వ్యూ సంస్థ 2021లోనే ప్రకటించింది. ఐరోపా సమాఖ్యలోనైతే ఉద్యోగ స్థలాల్లో భావోద్వేగాలను పసిగట్టే ఏఐపై 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధం ఉంది. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేకపోయినా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు సంస్థలకు కూడా సమాన అవకాశాల విధానం ఉండాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో దాన్ని వెతికి, ఇంటర్వ్యూకు ముందే హెచ్ఆర్‌కు ఈమెయిల్ పంపండి. రాతపూర్వక జవాబులకు గానీ మనిషితో ఇంటర్వ్యూకు గానీ వీలు కల్పించమని అడగండి, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు జతచేయండి. ఫలితం వచ్చాక రాస్తే సాకులా కనిపిస్తుంది కనుక ముందే రాయడం ముఖ్యం.

ప్రశ్న: పింఛను యంత్రంలో అమ్మ వేలిముద్ర పడటం లేదు. – తెనాలి

జవాబు: ఐరిస్‌తో గానీ ముఖ గుర్తింపుతో గానీ ప్రయత్నించమనండి. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్‌లను ఒకసారి నవీకరించండి. అవేవీ కుదరకపోయినా, వేలిముద్ర పడలేదన్న ఒక్క కారణంతో పథకం ప్రయోజనాన్ని ఆపకూడదని ఆధార్ సంస్థ 2017 అక్టోబరు 24 నాటి సర్క్యులర్‌లో చెప్పింది. సచివాలయంలో అడిగేటప్పుడు ఆ సర్క్యులర్ ప్రింటు దగ్గర ఉంచుకోండి.