మైకీ మ్యాడిసన్ ఎవరు? ఆస్కార్ వరకు ఆమె ప్రయాణం ఎలా సాగింది?

మైకీ మ్యాడిసన్ 1999 మార్చి 25న లాస్ ఏంజెలెస్‌లో జన్మించిన అమెరికన్ నటి. చిన్నతనంలో గుర్రపు స్వారీలో శిక్షణ పొందిన ఆమె, కౌమారంలో దానిని విడిచిపెట్టి నటన వైపు మళ్లారు. 2016లో ప్రారంభమైన ‘బెటర్ థింగ్స్’ టీవీ ధారావాహికలో పెద్ద కూతురు మ్యాక్స్ పాత్రను అయిదు సీజన్ల పాటు పోషించారు; ఆమె నటనకు అసలైన పాఠశాల అదేనని నా అభిప్రాయం. తర్వాత 2019లో హాలీవుడ్ దర్శకుడు క్వెంటిన్ టరంటినో చిత్రం ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ హాలీవుడ్’లో ఒక చిన్న పాత్ర చేశారు.

2022లో వచ్చిన ‘స్క్రీమ్’ చిత్రంలో ఆమెను చూసిన దర్శకుడు షాన్ బేకర్, ఆడిషన్ కూడా లేకుండా, ‘అనోరా’ చిత్ర కథానాయిక పాత్రను ఆమెను దృష్టిలో పెట్టుకునే రాశారు. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌కు చెందిన బ్రైటన్ బీచ్ ప్రాంతంలో నివసిస్తూ క్లబ్బులో నృత్యం చేసే యువతి పాత్ర అది. అందుకోసం ఆమె రష్యన్ భాషను, బ్రూక్లిన్ యాసను, పోల్ డ్యాన్స్‌ను పట్టుదలతో అభ్యసించారు. కథలో భర్త ఇంట్లోకి చొరబడిన మనుషులు తనను బంధించబోయినప్పుడు తన్నుతూ, కొరుకుతూ, గొంతు చించుకుని అరుస్తూ ఆమె ఎదురుతిరిగే సుదీర్ఘ సన్నివేశంలో భయం, రోషం ఒకేసారి కనిపిస్తాయి. 2024లో ఆ చిత్రం కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారమైన పామ్ డి’ఓర్ గెలుచుకోగా, 2025 మార్చి 2న, 25 ఏళ్ల వయసులో, ఆమె ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నారు.