హెయిర్ డై అలర్జీకి ప్రొబయోటిక్స్ పనిచేస్తాయా?

ప్రశ్న: నా వయసు 34. బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. కొన్నాళ్లుగా హెయిర్ డై వేసిన మర్నాడు వేళ్ల సందుల్లో దురద, నీటి పొక్కులు వస్తున్నాయి. రసాయనాల అలర్జీని మంచి బ్యాక్టీరియాలోని ప్రొటీన్లు తగ్గిస్తాయని చదివాను. ఆ బ్యాక్టీరియా ఉండే ప్రొబయోటిక్ క్యాప్సూల్స్ వాడొచ్చా? పెరుగు ఎక్కువ తింటే సరిపోతుందా?
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చదివినదాంట్లో కొంత నిజం ఉంది. కాకపోతే అది ఇంకా ల్యాబ్ గడప దాటలేదు. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అనే బ్యాక్టీరియా పీ40 అనే ప్రొటీన్‌ను వదులుతుంది. అది పేగు లోపలి పొరను కాపాడి వాపు తగ్గిస్తుందని ఎలుకల్లో తేలింది. ఊరికే మింగిస్తే ఆ ప్రొటీన్ మధ్యలోనే అరిగిపోతుంది. అందుకే పెక్టిన్ అనే పండ్ల పీచుతో చేసిన పూసల్లో దాచి పెద్దపేగు దాకా పంపారు. షాపులో దొరికే క్యాప్సూల్‌కీ దీనికీ చాలా దూరం.

పైగా మీది వేరే రకం అలర్జీ. దుమ్ముకు తుమ్ములు నిమిషాల్లో మొదలవుతాయి, అది ఒంట్లో విడుదలయ్యే హిస్టమిన్ అనే రసాయనం పని. నల్ల రంగు డైలలో ఉండే పీపీడీ అనే రసాయనానికి స్పందించేవి రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాలు. వాటికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మీకు మర్నాడు పొక్కులు రావడం, హిస్టమిన్‌ను అడ్డుకునే సెట్రిజిన్ మాత్ర వేసుకున్నా ఇలాంటి దురద పెద్దగా తగ్గకపోవడం అందుకే. ఎగ్జిమాకు (దురదతో వచ్చే చర్మవాపుకు) ప్రొబయోటిక్స్ మీద జరిగిన 39 ట్రయల్స్‌ను 2018లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షిస్తే, లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పెరుగు హాయిగా తినండి, మందు అనుకుని మాత్రం తినకండి.

ముందు చర్మ వైద్యుల దగ్గర, ఏ రసాయనం పడదో తెలిపే ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపు మీద పట్టీలు అంటించి 48 గంటలు ఉంచుతారు. తీశాక ఒకసారి, మరో రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. ఈలోగా డై కలిపేటప్పుడు, వేసేటప్పుడు, తల కడిగేటప్పుడు కూడా నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. పల్చటి లేటెక్స్ గ్లవ్స్ గుండా పీపీడీ లోపలికి దిగుతుంది. ఒకసారి వాడినవి కడిగి మళ్లీ తొడుక్కోవద్దు. 'బ్లాక్ హెన్నా' ప్యాకెట్లలోనూ పీపీడీ ఉండొచ్చు, పేరు చూసి మోసపోకండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మూడు మందుల (స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు) మిశ్రమం క్రీములు అసలు వద్దు.

పీపీడీ అలర్జీ అని తేలితే పళ్ల డాక్టరుకూ చెప్పాలి. బెంజోకైన్ లాంటి కొన్ని మత్తుమందులకూ మీ చర్మం అలాగే స్పందించవచ్చు. ఎప్పుడైనా ముఖం, కనురెప్పలు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.