కత్తిరించినంత మాత్రాన కార్డు మూసినట్టు కాదు

ప్రశ్న: నాకు మూడు క్రెడిట్ కార్డులున్నాయి. లక్ష లిమిట్ ఉన్న ఒక్కటే వాడతాను, నెలకు 40 వేల దాకా. పన్నెండేళ్ల కిందట తీసుకున్న కార్డుకు లిమిట్ 2 లక్షలు, ఫీజు లేదు. ఏడాదిన్నరగా దాన్ని ముట్టుకోలేదు. లక్షన్నర లిమిట్ ఉన్న మూడోదాన్ని రెండేళ్ల కిందట కత్తిరించి పారేశాను. ఇప్పుడు దానికి వార్షిక ఫీజు, లేట్ ఫీజు కట్టమంటున్నారు. వాడని కార్డుకు ఫీజేమిటి? మూడు నెలల్లో హోమ్ లోన్‌కు వెళ్లాలి. ఈ రెండూ మూసేస్తే సిబిల్ స్కోరు పడిపోతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు కత్తిరించింది ప్లాస్టిక్ ముక్కనే. బ్యాంకు లెక్కలో ఆ ఖాతా ఇంకా నడుస్తూనే ఉంది. తీసుకునేటప్పుడు ఏడాది ఫీజుకు ఒప్పుకుని ఉంటే, వాడలేదన్న వాదన నిలవదు. 'లైఫ్‌టైమ్ ఫ్రీ' అని రాతపూర్వకంగా ఇచ్చి ఉంటే మాత్రం గట్టిగా అడగండి.

అయితే బ్యాంకు బాధ్యత కూడా ఉంది. 2022 నాటి ఆర్‌బీఐ ఆదేశాల ప్రకారం ఏడాదికి పైగా వాడని కార్డును మీకు తెలియజేసి మూసే ప్రక్రియ మొదలుపెట్టాలి. 30 రోజుల్లో మీరు జవాబివ్వకపోతే, బాకీ లేని కార్డును మూసేయాలి. ఆ సమాచారం మీకు ఎప్పుడు పంపారో ఈమెయిల్‌లో అడిగి, లేట్ ఫీజు రద్దు చేయమనండి. లోన్ దగ్గర పడింది కాబట్టి ఈ తగువు తేలేదాకా ఆగొద్దు. అభ్యంతరం రాసిపెట్టి బాకీ కట్టేయండి. 'కొంత తగ్గిస్తాం, సెటిల్ చేసుకోండి' అని ఫోన్ వస్తే సరేననకండి. క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' (బాకీ పూర్తిగా కట్టలేదని) అని పడితే లోన్ ఇచ్చేవాళ్లు అనుమానంగా చూస్తారు. వెయ్యి రూపాయల కోసం ఆ మచ్చ ఎందుకు?

బాకీ తీరాక క్లోజర్ రిక్వెస్ట్ పెట్టండి. పోస్టులోనే పంపాలని వాళ్లు పట్టుబట్టకూడదు. 7 పనిదినాల్లో మూయకపోతే, బాకీ లేనంతవరకు, ఆలస్యమైన ప్రతి రోజుకూ మీకు 500 రూపాయలు ఇవ్వాలి. రిక్వెస్ట్ నంబరు, నో డ్యూస్ లెటర్ (బాకీ లేదన్న పత్రం) దాచుకోండి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

పాత కార్డు జోలికి మాత్రం వెళ్లకండి. మీ మొత్తం లిమిట్ నాలుగున్నర లక్షలు. 40 వేల వాడకం అందులో 9 శాతం. ఫీజు కార్డు పోతే 13 శాతం, ఫర్వాలేదు. పాతదీ మూస్తే ఒక్కసారిగా 40 శాతం! లిమిట్‌లో వాడకం శాతం అంతగా పెరగడం స్కోరుకు మంచిది కాదు, పైగా పన్నెండేళ్ల చరిత్ర ఉన్న ఖాతా మూతపడుతుంది. ఏడాదికి పైగా వాడని కార్డుల నిబంధన దానికీ వర్తిస్తుంది కాబట్టి అది పనిచేస్తోందో లేదో ఇవాళే చూసుకోండి. కరెంటు బిల్లో, ఫోన్ రీచార్జో అప్పుడప్పుడూ దానిమీద కట్టి, గడువులోపు మొత్తం తీర్చేయండి.

కార్డు మూసిన నెల తర్వాత మీ క్రెడిట్ రిపోర్టు తీయండి, ఏడాదికొకటి ఉచితం. ఫీజు కార్డు ఎదురుగా 'క్లోజ్డ్', బాకీ సున్నా అని కనిపించాకే లోన్ దరఖాస్తు మీద సంతకం చేయండి.